ఇంగ్లీషులో పేరా రాయడం ఎలా: వాక్యాలన్నీ ఒకేలా రాకుండా, విషయం చెదరకుండా

మీరు ఈ మధ్య ఇంగ్లీషులో రాసిన పేరా ఏదైనా ఒకటి తీసుకోండి, ఎగ్జామ్ ప్రాక్టీసుకి రాసిందైనా సరే, ఉద్యోగానికి పంపిన లెటరైనా సరే. ప్రతి వాక్యంలో మొదటి పదం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. ఐ, ఐ, ఇట్, ద, ఇట్, ఇట్, ఐ... ఇలా వచ్చిందా? శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో చదువుకుని గ్రూప్స్‌కో, బ్యాంకులకో, విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కో తయారవుతున్న పిల్లల పేపర్లు దిద్దుతుంటే నాకు ఎక్కువగా కనబడేది ఇదే. గ్రామర్ తప్పు ఒక్కటీ ఉండదు. అయినా చదువుతుంటే ముందుకు సాగదు, నాలుగో వాక్యానికే కళ్ళు పక్కకి పోతాయి.

దీనికి మార్కులు కూడా పోతాయి. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో నాలుగు అంశాలు చూసి నాలుగింటికీ సమానంగా మార్కులు వేస్తారు. వాటిలో ఒకటి విషయం ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా సాగిందన్నది, ఇంకోటి ఎన్ని రకాల వాక్యాలు వాడారు, వాటిని ఎంత తప్పుల్లేకుండా వాడారన్నది. అంటే సగం మార్కులు ఇప్పుడు మనం మాట్లాడుకోబోయేదాని మీదే ఉన్నాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు క్వాలిఫైయింగ్ పేపరే కదా అని తేలిగ్గా తీసుకోకండి, అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. కంటితో కాదు, నోటితో చదవండి, వాక్యం నడక చెవికి తెలియాలి. మీ నోట్‌బుక్‌లో మాత్రం ఇంగ్లీషులోనే రాసుకోండి.

మన తెలుగు ఎక్కడ అడ్డొస్తుంది

తెలుగులో మనం ‘పొద్దున్నే లేచి, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చి, బస్సెక్కి, విజయనగరంలో దిగి, కాలేజీకి నడిచి వెళ్ళాను’ అని హాయిగా ఒకే వాక్యంలో చెప్పేస్తాం. లేచి, వచ్చి, ఎక్కి, దిగి అంటూ ఎన్నయినా పెట్టుకుంటూ పోవచ్చు, అసలు క్రియ చివర్లో వచ్చి అన్నిటినీ కట్టేస్తుంది. దీన్నే ఇంగ్లీషులోకి దించితే రెండు రకాలుగా పాడవుతుంది. కొందరు ‘ఐ గాట్ అప్ అండ్ ఐ కేమ్ టు ద కాంప్లెక్స్ అండ్ ఐ గాట్ ఆన్ ద బస్ అండ్’ అని ఊపిరాడకుండా రాస్తారు. తప్పులొస్తాయని భయపడేవాళ్ళు ‘ఐ గాట్ అప్. ఐ కేమ్ టు ద కాంప్లెక్స్. ఐ గాట్ ఆన్ ద బస్’ అని ముక్కలు చేస్తారు. రెండింట్లోనూ జరిగింది ఒకటే, అన్ని పనులకీ ఒకే బరువు ఇచ్చేశారు.

అందులో మీరు చెప్పదలచుకున్న అసలు పని ఏది? నడిచి వెళ్ళడమా? అయితే దానికే పూర్తి క్రియ ఇవ్వండి, మిగతావి చిన్నవిగా దాని పక్కన సర్దుకుంటాయి: ‘ఐ గాట్ అప్ అర్లీ టు క్యాచ్ ద బస్ ఎట్ ద కాంప్లెక్స్. ఫ్రమ్ ద బస్ స్టాండ్ ఇన్ విజయనగరం, ఐ వాక్డ్ టు కాలేజ్.’ లేవడం ఎందుకో టు క్యాచ్ అనడంతో తెలిసిపోయింది, దిగడం అన్నది ఫ్రమ్‌లోనే ఉంది. రెండో వాక్యం ఐతో మొదలవలేదు కూడా, కానీ దానికోసం మనం ప్రత్యేకంగా ఏమీ చేయలేదు.

ఈ గైడు మొత్తంలో నేను చెప్పాలనుకున్నది ఇదే. వెరైటీ కోసం వెరైటీ పెట్టకండి. రెండు విషయాల మధ్య సంబంధం ఏంటో తేల్చుకుంటే వాక్యం ఆకారం దానంతట అదే మారుతుంది. ‘ప్రతి పేరాలో ఒక సింపుల్, ఒక కాంపౌండ్, ఒక కాంప్లెక్స్ సెంటెన్స్ పెట్టాలి’ అని కొన్ని కోచింగ్ నోట్సుల్లో కనబడుతుంది. దాన్ని నమ్ముకుని రాసినవాళ్ళ పేరాలు చదివితే ఎక్కడ ఏది అతికించారో తెలిసిపోతుంది.

మొదటి పని: ముందు ముక్కలుగానే రాసేయండి

తొలి డ్రాఫ్ట్‌లో చిన్న వాక్యాలు రావడం మంచిదే. విషయాలు ముందు బల్ల మీదకి రావాలి కదా. మన పొందూరు ఖద్దరు గురించి ఒక పేరా కావాలనుకోండి. తెలిసినవన్నీ ఇలా రాసేద్దాం:

‘పొందూరు ఈజ్ ఎ స్మాల్ టౌన్. ఇట్ ఈజ్ ఇన్ శ్రీకాకుళం డిస్ట్రిక్ట్. ఇట్ ఈజ్ నోన్ ఫర్ ఫైన్ ఖాదీ. విమెన్ కోంబ్ ద కాటన్ విత్ ద జాబోన్ ఆఫ్ ఎ ఫిష్. ద ఫిష్ ఈజ్ కాల్డ్ వాలుగ. ఇట్ హాజ్ టైనీ టీత్. ద టీత్ రిమూవ్ డర్ట్. ద స్పిన్నింగ్ ఈజ్ ఆల్సో డన్ బై హ్యాండ్. ద వర్క్ ఈజ్ స్లో. ఇట్ పేస్ లిటిల్. ఫ్యూ యంగ్ పీపుల్ ఆర్ లెర్నింగ్ ఇట్.’

పదకొండు వాక్యాలు, ఒక్కటీ తప్పు కాదు. దీన్ని ఇలాగే సబ్మిట్ చేసేవాళ్ళే ఎక్కువ.

రెండో పని: వాక్యానికీ వాక్యానికీ మధ్య తెలుగులో ప్రశ్న వేయండి

ఇది చాలా ముఖ్యం, తొందరపడకండి. పక్కపక్కనున్న రెండు వాక్యాలు తీసుకుని, వాటి మధ్య ఏ తెలుగు మాట పెడితే అతుకుతుందో చూడండి. ‘అందుకని’ అతికితే అది కారణం, బికాజ్ గానీ సో గానీ వాడాలి. ‘అయినా సరే’ అతికితే ఆల్‌దో, లేదా బట్. ‘అప్పుడు’, ‘అంతకుముందు’ అతికితే వెన్, యాజ్, బిఫోర్, ఆఫ్టర్. ‘లేదంటే’ అయితే ఇఫ్ లేదా అన్‌లెస్. ఇక రెండో వాక్యం మొదటిదాంట్లోని మనిషినో వస్తువునో ఏది, ఎవరు అని వివరిస్తుంటే విచ్, హూ, హూజ్, లేదంటే ఏ మాటా లేకుండా రెండు కామాల మధ్య పెట్టేయడం. ఏదీ అతకలేదా? అయితే ఆ రెండిటినీ కలపకండి, ఫుల్‌స్టాప్ ఉండనివ్వండి.

పొందూరు వాక్యాల్లో ఈ పని చేస్తే ఇలా వస్తుంది:

‘పొందూరు, ఎ స్మాల్ టౌన్ ఇన్ శ్రీకాకుళం డిస్ట్రిక్ట్, ఈజ్ నోన్ ఫర్ ఇట్స్ ఫైన్ ఖాదీ. బిఫోర్ ద కాటన్ ఈజ్ స్పన్, విమెన్ కోంబ్ ఇట్ విత్ ద జాబోన్ ఆఫ్ ద వాలుగ ఫిష్, హూజ్ టైనీ టీత్ పుల్ అవుట్ ద స్మాలెస్ట్ స్పెక్స్ ఆఫ్ డర్ట్. ద స్పిన్నింగ్, టూ, ఈజ్ డన్ బై హ్యాండ్. ద వర్క్ ఈజ్ స్లో. బికాజ్ ఇట్ పేస్ సో లిటిల్ ఫర్ సో మెనీ అవర్స్, ఫ్యూ యంగ్ పీపుల్ ఆర్ లెర్నింగ్ ఇట్.’

పదకొండు కాస్తా ఐదు అయ్యాయి. ఇప్పుడు మొదటి పదాలకి సున్నాలు చుట్టండి: పొందూరు, బిఫోర్, ద, ద, బికాజ్. జిల్లా పేరు కోసం వేరే వాక్యం అక్కర్లేదు, కామాల మధ్య సరిపోయింది. వాలుగ చేప దవడ, దాని పళ్ళు, ఆ పళ్ళు చేసే పని, ఈ మూడూ ఒకే వస్తువుకి సంబంధించినవి కాబట్టి ఒకే వాక్యంలో కూర్చున్నాయి. దువ్వడం ముందు, వడకడం తర్వాత, ఆ వరస బిఫోర్‌తో తెలిసింది. ‘ద వర్క్ ఈజ్ స్లో’ అన్నది మాత్రం కావాలనే కలపలేదు. ముందంతా చేతిపని గురించి చదివి వచ్చిన మనిషి అక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఆగితేనే తర్వాతి బికాజ్ గట్టిగా తగులుతుంది.

కామాల మధ్య వివరం పెట్టే పద్ధతి మన ప్రాంతం గురించి రాసేటప్పుడు మరీ అవసరం. పైడితల్లి జాతరలో ఊరేగించే సిరిమాను అంటే విజయనగరంలో చిన్నపిల్లాడికైనా తెలుసు, మీ పేపర్ దిద్దే మనిషికి తెలియకపోవచ్చు. ‘ద ప్రీస్ట్ సిట్స్ ఎట్ ద టాప్ ఆఫ్ ద సిరిమాను, ఎ లాంగ్ ట్రీ ట్రంక్ మౌంటెడ్ ఆన్ ఎ కార్ట్, అండ్ బ్లెసెస్ ద క్రౌడ్’ అంటే చాలు, కథ ఆగకుండానే అర్థం చెప్పేశారు. రెండో కామా మర్చిపోవద్దు. మొదటిది పెట్టి రెండోది వదిలేసేవాళ్ళు చాలామంది.

మూడో పని: ఏది ముఖ్యమో దాన్ని ప్రధాన వాక్యంలో, వీలైతే చివర పెట్టండి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. గాలి కొన్ని గంటల్లో పోయింది, కొత్త మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈ రెండిటినీ ఆల్‌దోతో కలపండి చూద్దాం.

‘ఆల్‌దో ద గ్రోవ్స్ నీడెడ్ ఇయర్స్ టు కమ్ బ్యాక్, ద స్టార్మ్ పాస్డ్ ఇన్ ఎ ఫ్యూ అవర్స్.’

‘ఆల్‌దో ద స్టార్మ్ పాస్డ్ ఇన్ ఎ ఫ్యూ అవర్స్, ద గ్రోవ్స్ నీడెడ్ ఇయర్స్ టు కమ్ బ్యాక్.’

పదాలు అవే, గ్రామర్ రెండింట్లోనూ సరిగ్గానే ఉంది. కానీ మొదటి వాక్యం చదివితే తుపాను తొందరగా వెళ్ళిపోయిందిలే అని ఊరటగా చెప్పినట్టుంది, తోటలు పోయినవాళ్ళు వింటే బాధపడతారు. రెండోదాంట్లో బరువు తోటల మీద పడింది, జరిగిన నష్టం అర్థమైంది. ఆల్‌దో, బికాజ్, వెన్ వెనక పెట్టిన విషయం కాస్త వెనక్కి తగ్గుతుంది, ఆ మాట లేని భాగమే ముందుకొస్తుంది. కాబట్టి కలిపేముందు ‘వీటిల్లో చదివే మనిషికి ఏది గుర్తుండాలి’ అని ఒకసారి అనుకోండి. బికాజ్ తెలియని విద్యార్థి నాకు ఇంతవరకు కనబడలేదు, దాన్ని ఏ వైపు పెట్టాలో ఆలోచించేవాళ్ళు మాత్రం తక్కువ.

కలిపేటప్పుడు వచ్చే తప్పులు

వాక్యాలు కలపడం మొదలెట్టగానే కొత్త తప్పులు వస్తాయి. టెన్షన్ పడకండి, వీటిలో చాలావరకు తెలుగులో సరైనదాన్ని అలాగే దించడం వల్ల వచ్చేవే.

‘బస్సు దిగేసరికి వాన మొదలైంది’ తెలుగులో చక్కటి వాక్యం. దాన్ని ‘గెటింగ్ ఆఫ్ ద బస్, ద రెయిన్ స్టార్టెడ్’ అని రాస్తే బస్సు దిగింది వాన అవుతుంది. ఇంగ్లీషులో గెటింగ్ లాంటి ఐఎన్‌జీ క్రియతో మొదలుపెడితే, కామా తర్వాత వచ్చే మొదటి మనిషే ఆ పని చేసినట్టు లెక్క. ‘యాజ్ ఐ గాట్ ఆఫ్ ద బస్, ఇట్ స్టార్టెడ్ టు రెయిన్’ అనండి. ఐఎన్‌జీతో వాక్యం మొదలుపెట్టిన ప్రతిసారీ కామా తర్వాతి మాట మీద వేలు పెట్టి ‘ఈ పని చేసింది ఇతనేనా’ అని అడగండి.

‘మేం చదవలేకపోయాం. ఎందుకంటే కరెంటు లేదు.’ తెలుగులో రెండూ నిండు వాక్యాలే. ఇంగ్లీషులో ‘బికాజ్ దేర్ వాజ్ నో పవర్’ దగ్గర ముందూ వెనకా ఏమీ లేకుండా ఫుల్‌స్టాప్ పెడితే అది సగం వాక్యం. దాన్ని ముందు వాక్యానికి కలపాల్సిందే: ‘వి కుడ్ నాట్ స్టడీ బికాజ్ దేర్ వాజ్ నో పవర్.’

‘ద బస్ వాజ్ లేట్, వి మిస్డ్ ద ఎగ్జామ్’ అని రెండు పూర్తి వాక్యాల మధ్య ఉత్త కామా పెట్టడం ఇంకోటి. కామా పక్కన సో పెట్టండి, లేదంటే ఫుల్‌స్టాప్ పెట్టండి. సెమీకోలన్ కూడా పెట్టొచ్చు గానీ, దాని మీద పట్టు లేకపోతే ఎగ్జామ్‌లో జోలికి పోకండి. ఆల్‌దో పెట్టిన వాక్యంలో మళ్ళీ బట్ పెట్టకూడదన్నది మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

ఇక మోరోవర్, ఫర్దర్‌మోర్, ఇన్ అడిషన్ సంగతి. ప్రతి వాక్యం ముందూ వీటిని తగిలిస్తే మొదటి పదాలు మారిపోయి వెరైటీ వచ్చినట్టు కనబడుతుంది, కానీ సంబంధం లేని రెండు వాక్యాల మధ్య ఫర్దర్‌మోర్ పెట్టినంత మాత్రాన సంబంధం పుట్టదు. ‘ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్’ లాంటి పాత ఆఫీసు భాష కూడా అంతే. బడిలో రాసే తెలుగు జనం మాట్లాడే తెలుగుకి దగ్గరగా ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆయన తెలుగు కోసం అడిగింది మీరు ఇంగ్లీషుకి కూడా వర్తింపజేసుకోవచ్చు, చదువుకున్న మనిషి మాట్లాడే ఇంగ్లీషులో రాస్తే ఏ ఎగ్జామినరూ మార్కులు తగ్గించడు.

పేరా కట్టడం

వాక్యాలు కుదిరాక పేరా. మనవాళ్ళ పేరాల్లో పెద్ద ఇబ్బంది ఏంటంటే తెలిసిందంతా పెట్టేస్తారు. టెక్కలి దగ్గర పక్షులు వచ్చి గూళ్ళు కట్టుకునే తేలినీలాపురం గురించి రాయమంటే ఊరు ఎక్కడుంది, టెక్కలి నుంచి ఎలా వెళ్ళాలి, ఏ పక్షులు, ఎప్పుడొస్తాయి, వాచ్ టవర్, జనం నమ్మకం, ప్రభుత్వం ఏం చేయాలి, అన్నీ ఎనిమిది లైన్లలో. ప్రశ్న మాత్రం ‘ప్రకృతిని కాపాడటంలో స్థానికుల పాత్ర ఏంటి’ అని. అలాంటప్పుడు ముందు తెలుగులో ఒక్క వాక్యం రాసుకోండి, ‘ఈ పేరాలో నేను చెప్పేది ఇది’ అని. ఇక్కడైతే: పక్షుల్ని కాపాడుతున్నది ఊరి జనమే. దానికి పనికొచ్చేవి ఉంచి మిగతావి కొట్టేయండి. వాచ్ టవర్ వద్దు, దారి వద్దు. ఎంత ఇష్టమైన వివరమైనా సరే.

‘ఇన్ తేలినీలాపురం, ద బెస్ట్ గార్డ్స్ ఆఫ్ ద బర్డ్స్ ఆర్ ద విలేజర్స్ దెమ్‌సెల్వ్స్. ఎవ్రీ ఇయర్ పెలికన్స్ అండ్ పెయింటెడ్ స్టార్క్స్ కమ్ హియర్ టు బ్రీడ్, అండ్ దే బిల్డ్ దెయిర్ నెస్ట్స్ ఇన్ ట్రీస్ దట్ స్టాండ్ క్లోజ్ టు ద హౌసెస్. ద నెస్ట్స్ బ్రింగ్ నాయిస్ అండ్ స్మెల్, సో ఇట్ వుడ్ బి ఈజీ టు డ్రైవ్ ద బర్డ్స్ అవే. పీపుల్ హియర్ డు నాట్. దే బిలీవ్ దట్ ద బర్డ్స్ బ్రింగ్ గుడ్ లక్. బికాజ్ ఆఫ్ దిస్ బిలీఫ్, చిల్డ్రన్ గ్రో అప్ లెర్నింగ్ టు లీవ్ ద నెస్ట్స్ అలోన్.’

ఒక వాక్యం చివరి నుంచి తర్వాతి వాక్యం మొదటికి చూస్తూ రండి. రెండో వాక్యంలో గూళ్ళ మాట వచ్చింది, మూడోది ‘ద నెస్ట్స్’ అని అక్కడ్నుంచే అందుకుంది. ‘డ్రైవ్ ద బర్డ్స్ అవే’ అని ముగిస్తే ‘పీపుల్ హియర్ డు నాట్’ అని జవాబు వచ్చింది. ‘దే బిలీవ్’ అన్నది చివరి వాక్యంలో ‘దిస్ బిలీఫ్’ అయింది. చదివే మనిషికి ఇప్పటికే తెలిసినదానితో వాక్యం మొదలుపెట్టి, కొత్త విషయంతో ముగించండి. ఇలా చేస్తే మోరోవర్‌లు అక్కర్లేదు. దిస్ అన్నదాన్ని ఒంటరిగా వదలకుండా పక్కన నామవాచకం పెట్టడం అలవాటు చేసుకోండి. ఉత్త దిస్ అంటే దేన్ని అంటున్నారో వెతుక్కోవాలి, దిస్ బిలీఫ్, దిస్ డిలే, దిస్ లాస్ అంటే వెతుక్కోనక్కర్లేదు.

పేరా ఎక్కడ మార్చాలి? మీరు తెలుగులో రాసుకున్న ఆ ఒక్క వాక్యం మారినచోట. తర్వాత ప్రభుత్వం చేయాల్సింది రాయాలంటే అది ఇంకో పేరా. లైన్లు లెక్కపెట్టి మార్చకండి. ఒక పేరా ఏడు వాక్యాలు, పక్కది మూడు అయినా ఏం పర్లేదు.

రోజూ చేసేది, ఎగ్జామ్‌లో చేసేది

రోజూ మీకు బాగా తెలిసిన విషయం ఒకటి తీసుకుని పది ముక్కలు రాయండి, మీ ఊరి సంత గానీ, పలాస జీడిపప్పు గానీ, బొబ్బిలి వీణ గానీ. విషయం తెలిసినదైతే బుర్ర అంతా వాక్యం మీదే పెట్టొచ్చు. వాటి మధ్య తెలుగు ప్రశ్నలు వేసి కలపండి. తర్వాత పైకి చదవండి, ఊపిరి చాలని చోట విడగొట్టండి, టకటకమని మోగిన చోట కలపండి. వీలైతే ఒక ఫ్రెండ్‌తో పేపర్లు మార్చుకుని, ఎదుటివాళ్ళ పేరా చదివి ‘ఇందులో చెప్పింది ఇది’ అని తెలుగులో ఒక్క వాక్యం రాయమనండి. మీరు అనుకున్నదీ వాళ్ళు రాసిందీ వేరైతే, లోపం పేరాలో ఉంది, వాళ్ళ ఇంగ్లీషులో కాదు.

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో వ్యాసం రాసే టాస్క్ టూకి 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. మొదటి ఐదు నిమిషాలు పెన్ను పక్కన పెట్టి, పేరాకి ఒకటి చొప్పున తెలుగు వాక్యాలు అనుకోండి, కంప్యూటర్‌లో అయినా సరే రఫ్ కాగితం మీద రాసుకోండి. రాసేటప్పుడు వెరైటీ గురించి అసలు ఆలోచించకండి, సంబంధం గురించి ఆలోచించండి. చివర ఐదు నిమిషాలు ఉంచుకుని మొత్తం మళ్ళీ చదవకుండా మూడే చూడండి: బికాజ్‌తో మొదలై ఒంటరిగా మిగిలిన వాక్యాలు ఉన్నాయా, ఐఎన్‌జీ తర్వాత సరైన మనిషే ఉన్నాడా, వరసగా మూడు వాక్యాలు ఒకే పదంతో మొదలయ్యాయా. మూడోది కనబడితే మధ్యలోదాన్ని ముందుదానికి కలిపేయండి, టైమ్ లేకపోతే దాన్ని అలాగే వదిలేసి మొదటి రెండూ దిద్దుకోండి.